ప్రేమ విందా, ఇంట్లో భోజనమా?

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ పెట్టే ప్రేమ విందు ఒక పద్ధతి. ఒకటి రెండు కుటుంబాలను ఇంటికి పిలిచి అన్నం పెట్టడం ఇంకో పద్ధతి. నా మొగ్గు రెండోదాని వైపే.

ప్రేమ విందులో ఖర్చు, పని అందరూ పంచుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు మొహమాటం ఉండదు. కానీ తిని లేచేసరికి పక్కన కూర్చున్నవాళ్ల పేరు కూడా తెలియకపోవచ్చు.

ఇంట్లో అలా కాదు. ఉద్యోగం పోయిన సంగతి, ఆసుపత్రి రిపోర్టుల టెన్షన్ చర్చి గుమ్మం దగ్గర ఎవరూ చెప్పరు. రెండోసారి చారు పోసుకుంటూ చెబుతారు. అక్కడే కూర్చుని వాళ్లకోసం ప్రార్థన చేయొచ్చు. పైగా మన ఊళ్లలో కులం ఇంకా బతికే ఉంది. ప్రభురాత్రి భోజనంలో, అంటే యేసును తలచుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో, కలిసి పాలుపొందినవాళ్లే ఒకరింట్లో ఒకరు తినని చోట్లున్నాయి. ఆ గోడ ఇంట్లో కలిసి తింటేనే పడుతుంది. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 2:46 ప్రకారం తొలి విశ్వాసులు దేవాలయంలో కూడుకున్నారు, ఇళ్లలోనూ కలిసి తిన్నారు.

ఇంటి భోజనంలోనూ చిక్కులున్నాయి. మన స్థాయివాళ్లనే పిలుస్తూ పోతాం. లూకా 14లో యేసు చెప్పింది మనల్ని తిరిగి పిలవలేని పేదలను పిలవమని. ఇక భారమంతా ఇంటి ఆడవాళ్ల మీద పడుతుంది. నాలుగు కూరలు అక్కర్లేదు. పప్పు, ఒక వేపుడు, పెరుగు చాలు. మగవాళ్లు కూరగాయలు తరగాలి, గిన్నెలు తోమాలి. ఇరుకు అద్దె గదైతే ఒక్కరినే పిలవండి: హాస్టల్ కుర్రాడినో, ఒంటరిగా ఉంటున్న పెద్దావిడనో.