ద్రవాభిసరణ చూపడానికి ఆలుగడ్డా, కోడిగుడ్డా?

ద్రవాభిసరణ అంటే పల్చటి ద్రావణం నుంచి గాఢమైన ద్రావణంలోకి ఒక పొర గుండా నీరు చేరడం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లె బడుల్లో ఈ రెండూ సులువుగా దొరుకుతాయి. ఒక్కటే చేయగలిగితే ఆలుగడ్డే మేలు.

గుడ్డును వెనిగర్‌లో ఒకటి రెండు రోజులుంచి, మధ్యలో వెనిగర్ మారిస్తే పెంకు కరుగుతుంది. మంచినీళ్లలో ఉబ్బుతుంది, గాఢమైన ఉప్పునీళ్లలో ముడుచుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ పొర కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) కాదు, పెంకు కింద ఉండే ప్రోటీన్ పోగుల పొర. ఈ మాట చెప్పకపోతే పిల్లలకు తప్పు నేర్పినట్టే.

ఆలుగడ్డలో ఉన్నవి అసలైన కణత్వచాలు. చెక్కు తీసి, అడుగు చదును చేసి, మధ్యలో గుంత తొలవండి. 20 గ్రాముల చక్కెరతో 100 మి.లీ. ద్రావణం చేసి గుంతలో సగం దాకా పోయండి. గుండుసూదితో మట్టం గుర్తించి నీళ్ల గిన్నెలో నిలపండి. గంట, రెండు గంటల్లో మట్టం పెరుగుతుంది. చక్కెర 10 గ్రాములే వేస్తే గాఢత కణరసానికి (కణాల్లోని ద్రవానికి) దగ్గరగా వచ్చి పెరుగుదల మందగిస్తుంది. అడుగుకు చిల్లు పడితే మొత్తం పాడే.

పక్కనే ఉడికించిన ఆలుగడ్డతోనూ ఇలాగే చేయండి. వేడికి త్వచాలు చెడిపోయి చక్కెర బయటికి జారిపోతుంది, మట్టం అలా పెరగదు. త్వచాలు బాగుంటేనే మట్టం పెరుగుతుందన్న ఈ రుజువు గుడ్డుతో రాదు. గిన్నెలోకి మన బోరు నీళ్లయినా సరే, వాటిలోని లవణాలు ఈ చక్కెర ముందు చాలా తక్కువ.