అయిదేళ్లుగా అద్దె సింక్రో జాకీలు వాడుతున్నాను: విజయనగరం నుంచి నా అనుభవం

విజయనగరంలో నాది మెషినరీ ఎరెక్షన్ పని. ఫ్యాక్టరీల్లో పాత మెషిన్లను పైకెత్తి, కింద బేస్ సరిచేసి మళ్లీ కూర్చోబెడతాం. 2020 నుంచి బరువు 40 టన్నులు దాటితే చేతిపంపు జాకీలు ముట్టుకోవడం లేదు. విశాఖ నుంచి సింక్రనస్ లిఫ్టింగ్ సెట్టు, అంటే అన్ని జాకీలనూ ఒకే ప్యానెల్ నుంచి సమానంగా పైకి లేపే హైడ్రాలిక్ సెట్టు, అద్దెకు తెప్పిస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది పనులయ్యాయి.

అంతకుముందు నాలుగు మూలలా నలుగురు ఖలాసీలు, మధ్యలో మేస్త్రీ కేక. అందరూ కలిసి ఒక స్ట్రోకు కొట్టాలి. ఎంత ఆరితేరినవాళ్లయినా నాలుగు చేతులూ ఒక్కలా పడవు. గట్టి బెడ్ (అడుగు చట్రం) ఉన్న మెషిన్ నాలుగు కాళ్ల కుర్చీ లాంటిది. ఒక మూల మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనకబడితే చాలు, బరువంతా ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు జాకీల మీదకు పోతుంది. 70 టన్నుల మెషిన్‌కు మూలకు 17.5 టన్నులని లెక్కేసి 25 టన్నుల జాకీలు పెడితే, ఆ క్షణంలో రెండింటి మీద 35 చొప్పున పడుతుంది. అందుకే నేను ఎప్పుడూ లెక్కకు రెట్టింపు సామర్థ్యం ఉన్నవే అడుగుతాను.

సింక్రో సెట్టులో ప్రతి జాకీకి, ఎంత పైకి లేచిందో కొలిచే ఒక సెన్సర్ ఉంటుంది. ఏ మూల ముందుకు పోతే దానికి ఆయిల్ ఆపి, వెనకబడినదానికి పంపుతుంది ప్యానెల్. నేను వాడిన సెట్లు మూలల మధ్య తేడాను ఒక మిల్లీమీటరు దాటనివ్వలేదు. నాకు అంతకన్నా నచ్చింది ప్యానెల్ మీద ఒక్కో జాకీకి విడివిడిగా కనిపించే ప్రెషర్. అదే మన కాటా. బొబ్బిలి దగ్గర ఒక ప్రెస్సు ఎత్తినప్పుడు కాగితాల్లో బరువు 62 టన్నులని ఉంది. మోటారు వైపు రెండు జాకీలు 300 బార్ (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు కిలోకు కాస్త పైన) చొప్పున, అవతలి రెండు 190 చొప్పున చూపించాయి. 50 టన్నుల జాకీకి పిస్టన్ వైశాల్యం 70 చదరపు సెంటీమీటర్లు. ప్రెషర్‌ను దానితో గుణించి నాలుగూ కలిపితే సుమారు 70 టన్నులు వచ్చింది. అదే పనిలో, మొదట్లో ఒక మూల 420 దాకా పోయింది కానీ సెన్సర్ కదల్లేదు. వెంటనే ఆపించి టార్చి వేసి చూస్తే గ్రౌటు (బేస్ కింద నింపిన సిమెంటు) కింద ఒక ఫౌండేషన్ బోల్టు నట్టు ఊడకుండా ఉండిపోయింది. చేతిపంపు అయితే ఖలాసీ ఇంకా బలంగా కొట్టేవాడు, బెడ్ పగిలేది.

ఇక నన్ను బాగా భయపెట్టిన పని గురించి. రాజాం వైపు ఒక స్టీలు స్ట్రక్చరు, ఆరు పాయింట్లు (ఆరు చోట్ల జాకీలు), వానలు పడ్డాక. గోతులు పూడ్చిన నేల. పైన నాలుగంగుళాల పాత కాంక్రీటు ఉంది కదా అని జాకీల కింద అడుగు చదరం ప్లేట్లే వేశాం. ప్యానెల్ మీద ఆరూ 48 మిల్లీమీటర్లు చూపిస్తున్నాయి. అందరం దాన్నే చూస్తున్నాం. మా పెద్ద ఖలాసీ మాత్రం "బాబూ, ఒకసారి నీళ్ల గొట్టం పట్టి చూద్దాం" అన్నాడు. ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు పోసి ఒక్కో స్తంభం దగ్గర గీత చూసుకుంటూ వెళ్తే, నాలుగో స్తంభం 7 మిల్లీమీటర్లు కిందకుంది. సెన్సర్ జాకీకే బిగించి ఉంది. పిస్టన్ ఎంత బయటికొచ్చిందో అంతే చెబుతుంది. జాకీయే నేలలోకి దిగిపోతే దానికి తెలియదు. ప్లేటు చుట్టూ కాంక్రీటు మీద వెంట్రుకంత బీట కనిపించింది. నాకు చెమటలు పట్టాయి. అన్ని జాకీలకూ లాక్ నట్లు (పిస్టన్ కిందకు జారకుండా పట్టే నట్లు) బిగించి, పక్కన స్లీపర్లు (మందపాటి కొయ్య దిమ్మెలు) పేర్చి బరువు దించి, ఆ జాకీ కింద వెడల్పుగా స్లీపర్ల మీద పెద్ద ప్లేటు వేసి, ఆ ఒక్క పాయింటునే 7 మిల్లీమీటర్లు పైకి తెచ్చాం. ఒకటిన్నర రోజు పట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సెట్టుతో వచ్చిన ఆపరేటర్ ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది, నేనూ అడిగి ఉండాల్సింది. అప్పటి నుంచి స్ట్రక్చరుకే తగిలించి, దూరంగా కదలని నేల మీద స్టాండు పెట్టి కొలిచే వైరు సెన్సర్లు ఇస్తేనే తీసుకుంటున్నాను. నీళ్ల గొట్టం కూడా ప్రతి 25 మిల్లీమీటర్లకు ఒకసారి పట్టిస్తాను.

హోసు పైపుల దగ్గర మాత్రం కచ్చితంగా ఉండండి. పని చేసే ప్రెషర్ 700 బార్ దాకా పోతుంది. సన్నటి లీకు కనిపించిందని చేత్తో తడిమితే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఒక సెట్టులో రెండు హోసులు పైన రబ్బరు లేచి తీగ కనిపిస్తూ వచ్చాయి. లారీ దించకుండానే తిప్పి పంపాను. కరెంటు పోతే వాల్వులు బరువును పట్టుకునే ఉంచుతాయి. అయినా భోజనానికి వెళ్లేటప్పుడు కూడా లాక్ నట్లు బిగించాకే కదలండి.

అద్దె విషయంలో: మీటరు లారీ యార్డు దాటినప్పటి నుంచే తిరుగుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆపరేటర్ బత్తా అదనం. వానకు పని ఆగిన రోజుకు సగం అద్దె అని ముందే కాగితం మీద రాయించుకోండి. మన వైపు అక్టోబరులో ఇది మరీ ముఖ్యం. 2018లో తిత్లీ తుఫాను వచ్చింది కూడా ఆ నెలలోనే. పైడితల్లి అమ్మవారి సిరిమాను వారంలో బుక్ చేయకండి. జాతరకు మనుషులు దొరకరు, సామాను ఊరికే పడి ఉన్నా అద్దె కట్టాల్సిందే.

వచ్చే నెల శ్రీకాకుళంలో ఎనిమిది పాయింట్ల పని ఉంది. దానికీ ఇదే సెట్టు చెప్పాను, నేల పరీక్ష చేయించాకే లారీ బయల్దేరాలని కూడా చెప్పాను.