ఏటికొప్పాక లక్కపిడతలు: తరగతి గదిలో వాటి పనితీరు

మా పూర్వ ప్రాథమిక తరగతిలోని మూడు నుంచి ఐదేళ్ల పిల్లల కోసం ఈ విద్యా సంవత్సరం ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు ఒకటి కొన్నాము. కుంపటి, గుండిగ, మూతలున్న గిన్నెలు, బిందె, చెంబు, తిరగలి, రోలు, రోకలి, గరిటెలు ఇందులో ఉన్నాయి. బొమ్మల కొలువులో అలంకారంగా ఇవి ఎంత బాగుంటాయో అందరికీ తెలిసిందే. పిల్లలు రోజూ చేతబట్టే బోధనోపకరణంగా ఎంత పనికొస్తాయన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ (కర్రను గిరగిర తిప్పే యంత్రం) మీద తిప్పుతూ, రాపిడి వేడికే కరిగేలా రంగు కలిపిన లక్కను అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఈ బొమ్మలు చాలావరకు గుండ్రంగానే తయారవుతాయి కనుక పదునైన అంచులు ఉండవు, చిన్న చేతిలో చక్కగా ఇముడుతాయి.

సెట్టులో పిల్లలను ముందుగా ఆకట్టుకున్నవి మూతలు. మూడేళ్ల పాప ఒకతె గుండిగ మూతను చిన్న గిన్నె మీద పెట్టి, అది జారిపోతే తీసి, తిప్పి, మళ్లీ పెట్టి, చివరికి దాని చోటు తానే కనిపెట్టింది. తప్పని చెప్పడానికి ఎవరూ అవసరం కాలేదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి రూపొందించిన, వేర్వేరు పరిమాణాల్లో పది గుండ్రటి కొయ్య స్తూపాలు ఇమిడే దిమ్మెలోనూ ఇదే సూత్రం ఉంది. ఏ స్తూపమైనా సరైన గుంటలోనే సరిగ్గా కూర్చుంటుంది, దాని పిడిని మూడు వేళ్లతో పట్టుకోవడం తరవాత పెన్సిల్ పట్టుకు సాధన అవుతుంది. మూత మీది బొడిపె కూడా ఆ పట్టునే కోరుతుంది. అయితే దిమ్మెలో ఉండే కచ్చితత్వం ఇక్కడ లేదు. మా సెట్టులో ఒకే మూత రెండు గిన్నెలకు సరిపోతోంది కాబట్టి పరిమాణాల క్రమం నేర్పడానికి దీన్నే నమ్ముకోలేము.

దీని అసలు బలం ఊహతో ఆడే ఆటలో కనిపిస్తుంది. ఏడాదిన్నర వయసులో పిల్లలు ఖాళీ గ్లాసుతో తాగినట్టు నటిస్తారు. ఇంకొంచెం పెరిగాక బొమ్మకు తినిపిస్తారు. మూడేళ్లు దాటాక బాదం ఆకును అప్పడమనుకుని వేయించి, పక్కవారికి వడ్డిస్తారు. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలవగలదన్న ఈ గ్రహింపే రాతభాషకు దారి వేస్తుందని రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ వాదించాడు. నాలుగేళ్ల వారిని వరస కట్టించి అక్షరాలు దిద్దించమని మాపై ఒత్తిడి తెచ్చే తల్లిదండ్రులకు ఈ మాట ఓపికగా వివరించవలసి వస్తోంది.

బ్యాటరీతో నడిచే వంటింటి బొమ్మ కూడా మా దగ్గర ఉంది. మీట నొక్కితే అదే పోపు చప్పుడు చేస్తుంది, పిల్లవాడు విని ఊరుకుంటాడు. లక్కపిడతలు ఏ చప్పుడూ చేయవు కాబట్టి ‘చుయ్’మని అనవలసింది వాడే, ఉప్పు ఎవరు వేయాలో, అన్నం ఎప్పుడు ఉడికిందో మిగతావారితో మాట్లాడి తేల్చుకోవలసిందీ వాళ్లే. (రోలు ఇచ్చిన తొలినాడు ఒక బాబు రోకలిని గిరగిర తిప్పుతూ మిక్సీలా ‘గుర్ర్’మన్నాడు. అపార్టుమెంటు పిల్లలకు అదే తెలిసిన రోలు.)

లోపాల్లో ముఖ్యమైనది భద్రతకు సంబంధించినది. బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్రను తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులో ఉన్నా, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకు, నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. చేతివృత్తులకు అది అవసరమైన వెసులుబాటే. కాని పరీక్షించే బాధ్యత కొనేవారి మీద పడుతుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో విడి భాగాలు సుమారు 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొలత గొట్టంలో పూర్తిగా పట్టేంత చిన్నవి కాకూడదన్నది సాధారణ ప్రమాణం. మా సెట్టులోని చెంబు, రెండు మూతలు అలా పట్టేలా ఉండటంతో వాటిని పక్కన పెట్టాము. లక్క పూతకు తడి, ఎండ పడవు. నీళ్లలో నానబెట్టి కడగకుండా పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లాటకు ఇవి పనికిరావు.

కొనేవారు అరచేతిలో సగమైనా నిండే పెద్ద పరిమాణం సెట్టునే అడగాలి. గింజలు, బెరడు, వేర్ల నుంచి తీసిన రంగులే వాడారా అన్నది తయారీదారునే అడిగి తెలుసుకోవాలి. ప్లాస్టిక్ సెట్టు కంటే ధర ఎక్కువే అయినా, మూడేళ్లు నిండిన పిల్లలున్న తరగతికి ఇది తగిన కొనుగోలు. అంతకంటే చిన్నవారికైతే ఒక పెద్ద గుండిగ, గరిటె చాలు.