విజయనగరంలో ఎయిర్ పిస్టల్‌కి గ్రిప్, ట్రిగర్ పని చేయించుకున్నా, నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, స్కోర్ పెరగట్లేదని అప్పు చేసి మరీ కొత్త పిస్టల్ కొనాలనుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క నెల ఆగండి, చేతిలో ఉన్న పిస్టల్‌నే మీ చేతికి సరిపోయేలా చేయించుకోండి. విజయనగరంలో ఆ పని చేసే మాస్టారు ఒకరున్నారు. ఆర్మీలో ఈఎంఈలో (ఆయుధాలూ యంత్రాలూ చూసుకునే విభాగం) ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో చేసి రిటైరయ్యారు, కోట వెనక సందులో చిన్న వర్క్‌షాప్. ఆయుధాల పని కాబట్టి పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దన్నారు, అందుకే రాయట్లేదు, షూటింగ్ చేసేవాళ్ళని అడిగితే వాళ్ళే చెప్తారు.

నేను ఆడేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. ఉండేది శ్రీకాకుళంలో, అరసవల్లి వైపు, రోజూ ప్రాక్టీస్ మా మేడ మీదే. నా పిస్టల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి, మీడియం సైజు, నా చెయ్యేమో చిన్నది. ట్రిగర్ మీదకి వేలు సరిగ్గా రావాలంటే అరచెయ్యి మొత్తం పక్కకి తిప్పాల్సి వచ్చేది, అలా తిప్పి పట్టుకుంటే షాట్ వదిలే టైంకి మణికట్టు బిగుసుకుపోయేది, పెల్లెట్లన్నీ ఎడమ పక్కకి పోయి 8లోనో 9లోనో పడేవి. పదో రింగు అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత, పది మీటర్ల దూరం నుంచి ఒంటి చేత్తో దాన్ని కొట్టాలంటే పట్టులో ఇసుమంత తేడా ఉన్నా అక్కడ తెలిసిపోద్ది.

వెళ్ళగానే పిస్టల్ తీయబోతే "ముందది లోపలెట్టమ్మా, సెయ్యి సూపించు" అన్నారు. కాగితం మీద చెయ్యి పెట్టించి గీత గీసుకున్నారు, ప్రతి వేలు పొడవూ కొలిచారు, అరచేతిలో బొటనవేలి కింద కండ ఎంతుందో నొక్కి చూశారు. తర్వాత గోడకి టార్గెట్ అంటించి, పిస్టల్ పట్టుకుని కళ్ళు మూసుకుని చెయ్యి లేపి, ఊపిరి వదిలి, అప్పుడు కళ్ళు తెరిచి గురి చూసే సైట్ ఎలా కనిపిస్తుందో చెప్పమన్నారు. బేరల్ ముందు కొసన ఉండే సైట్, కంటి వైపు ఉండే వెనక గాడిలో మధ్యలో లేదు, ఎప్పుడూ ఎడమకే ఉంటోంది. మళ్ళీ మళ్ళీ చేయించారు, ప్రతిసారీ అంతే. "సూసావా, నువ్వు మద్దెకి తెచ్చుకుందామని మణికట్టు వంచుతున్నావు, అరవై షాట్లూ వంచుకుంటూ కూకుంటే సెయ్యి ఏటైపోవాల?" అన్నారు. మ్యాచ్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు వెయ్యాలి మరి, చివరి ఇరవైలో నా స్కోర్ ఎందుకు పడిపోతుందో నాకు అక్కడే అర్థమైంది.

గ్రిప్ పని గురించి కొంచెం వివరంగా రాస్తా ఎందుకంటే అసలు విషయం అంతా అక్కడే ఉంది. పాత గ్రిప్‌ని ఆయన ముట్టుకోలేదు, దాన్ని అలాగే దాచుకోమని చెప్పి కొత్తది పనస కర్రతో చేశారు. ఇలాంటి గ్రిప్‌లు మామూలుగా వాల్‌నట్‌తో వస్తాయి, పనస ఏంటి మాస్టారూ అంటే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగలోంచి వీణ మొత్తం తొలిచేది ఈ కర్రతోనే కదమ్మా, బాగా ఆరిన పనస తేలిగ్గా ఉంటాది, సన్నంగా చెక్కినా చీలిపోదు అన్నారు. ముందు ముతక ఆకురాయితో రూపం తెచ్చి, నా అరచేతికి నీలం చాక్‌పొడి రాసి గ్రిప్ పట్టుకోమన్నారు, పొడి ఎక్కడ అంటుకుందో అక్కడ నా చెయ్యి గట్టిగా ఒత్తుతున్నట్టు, అంటనిచోట ఖాళీ ఉన్నట్టు. ఒత్తేచోట కాస్త తియ్యడం, మళ్ళీ పొడి, మళ్ళీ పట్టుకోవడం, ఖాళీ ఉన్నచోట ఎపాక్సీ పుట్టీ నింపి నా చేత్తోనే అచ్చు తియ్యడం, ఇలా సాయంత్రం దాకా సాగింది, మధ్యలో వాళ్ళావిడ టీ ఇచ్చారు గానీ గ్రిప్ పట్టుకునే చేత్తో గ్లాసు ముట్టుకోనివ్వలేదు, వేడికి చెయ్యి చెమటపట్టి కొలత మారిపోద్దట. మధ్యవేలు ట్రిగర్ గార్డ్ కిందకి ఎంత ఆనాలో దాని దగ్గరే చాలాసేపు పట్టింది.

చెయ్యి కింద ఆనే షెల్ఫ్‌ని కొందరు బాగా పైకి బిగించేస్తారు, చెయ్యి కదలకుండా ఉంటుందని. ఈయన ఒప్పుకోలేదు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ ప్రకారం ఆ షెల్ఫ్ గ్రిప్‌కి 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో ఉండకూడదు, మణికట్టు పూర్తిగా బయటికి కనిపించాలి, పిస్టల్ మొత్తం 420 బై 200 బై 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఇవన్నీ కొలిచి చూపించాకే వార్నిష్ లేకుండా నూనె పట్టించారు. పట్టు జారకుండా సూదిమొన పనిముట్టుతో చుక్కలు చుక్కలుగా గరుకు చేశారు. మా సముద్రం పక్క ఊళ్ళలో ఉక్కకి చెయ్యి ఎలా తడిసిపోతుందో తెలిసినవాళ్ళకి ఆ గరుకు విలువ తెలుస్తుంది.

ట్రిగర్ ఇంకా తేలిక చేస్తారా అని అడిగితే, "సేసీమంటే సేసీడానికి కాదమ్మా, 500 గ్రాములకి తగ్గితే నిన్ను లైన్‌లోనే నిలబెట్టరు" అన్నారు. ఎక్విప్‌మెంట్ చెకింగ్‌లో బేరల్ నిటారుగా పైకి పెట్టి ట్రిగర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి మెల్లగా లేపుతారు, పేలకుండా ఆ బరువు లేవాలి. అచ్చంగా 500 పెట్టకుండా కొంచెం పైనే ఉంచి, మొదటి స్టేజ్‌లో (వేలు నొక్కడం మొదలెట్టి ఒకచోట ఆగే దాకా) ఎక్కువ బరువు, రెండో స్టేజ్‌లో (అక్కణ్ణుంచి పేలే దాకా) తక్కువ వచ్చేలా పంచారు, ట్రిగర్ బ్లేడ్ కూడా నా వేలికి తగ్గట్టు వెనక్కి జరిపి కోణం తిప్పారు. మొత్తం బరువు దాదాపు ముందున్నంతే, కానీ వేలికి వేరే పిస్టల్‌లా ఉంది.

ఇంకోటి, నేను అడక్కుండానే పిస్టల్‌కి గాలి ఇచ్చే ఎయిర్ సిలిండర్ తిప్పి దాని మీద తేదీ చదివారు. కంపెనీలు వీటికి మామూలుగా పదేళ్ళే ఇస్తాయి, గడువు దాటకుండా చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు అన్నిటికంటే ముందు ఆ తేదీ చూడండి. గాలి లీకవకుండా ఆపే సీల్స్ కూడా మార్చారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి ఎంత టైం పోయిందో, ఫైనల్ ఎలా చేజారిందో మనందరం చూశాం, ఆవిడే 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది, ఆ టోక్యో రోజు గుర్తొచ్చినప్పుడల్లా మెషిన్‌ని ఇంత శ్రద్ధగా చూసే మనిషి దగ్గర్లో ఉండటం ఎంత అదృష్టమో అనిపిస్తుంది.

మన 4.5 మిల్లీమీటర్ల మ్యాచ్ ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ గొడవ లేదు. కానీ ఈయన దగ్గరికి లైసెన్స్ రివాల్వర్లు కూడా వస్తాయి, నేనున్నప్పుడే ఒకాయన .32 రివాల్వర్ తెచ్చారు, మాస్టారు ముందు లైసెన్స్ పుస్తకం అడిగి అందులో నంబరూ తుపాకీ మీద నంబరూ పోల్చి చూసుకుని, రిజిస్టర్‌లో రాసుకుని, అప్పుడే గుడ్డ మీద పెట్టించారు. ఆ వచ్చినాయన బేరల్ కొంచెం పొట్టి చేస్తారా బావూ అంటే, మాస్టారు అది ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 6 కింద నేరం, కర్ర పిడి కావాలంటే చేస్తా, బేరల్ మాత్రం ముట్టుకోను అని తెగేసి చెప్పేశారు. డబ్బులొస్తాయి కదా అని తలూపే మనిషి కాదు, నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

రేటు చెప్తా, గ్రిప్‌కి 7,500, ట్రిగర్ సెట్టింగ్‌కి 1,500, సీల్స్ డబ్బులు వేరే. చేతి పనికి ఇది ఎక్కువ అని నేననుకోను. ఇబ్బందులు కూడా ఉన్నాయి, ఫోన్ దాదాపు ఎత్తరు, కొరియర్‌లో పంపితే చెయ్యరు, మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందే, మ్యాచ్ వారం ముందు వస్తే గ్రిప్ ముట్టుకోరు ఎందుకంటే కొత్త పట్టు అలవాటవ్వాలంటే టైం కావాలి. ఎడమచేతి వాళ్ళకి ఇంకా ఎక్కువ రోజులు పడుతుందట. చూపుకి ఫారిన్ గ్రిప్‌లా నున్నగా మెరవదు, వానాకాలంలో నూనె మళ్ళీ పట్టించాలి.

నా షాట్లు ఇప్పుడు ఎడమకి పోవట్లేదు, పడితే పైనో కిందో పడుతున్నాయి, అది నా ఊపిరి సంగతి, దాని మీద పని చేస్తున్నా. కళ్ళు మూసి చెయ్యి లేపి తెరిస్తే ముందు సైట్ గాడి మధ్యలోనే ఉంటోంది, దానికే నాకు సగం కష్టం తగ్గింది.

శ్రీకాకుళం నుంచి వెళ్ళేవాళ్ళు ఆమదాలవలసలో పొద్దున్న ట్రైన్ ఎక్కితే హాయి, సిరిమాను పండగ రోజుల్లో మాత్రం వద్దు, కోట చుట్టుపక్కల అడుగు పెట్టడానికి చోటుండదు. పిస్టల్‌తో పాటు మీరు షూటింగ్‌కి వేసుకునే షూస్ కూడా తప్పకుండా తీసుకెళ్ళండి, చెప్పులతో వెళ్తే నిలబడే ఎత్తు తేడా వస్తుందని కొలతలు తియ్యరు.