విండోస్ పదిలో ఉండాలా, పదకొండుకి వెళ్లాలా?

ఈ మధ్య ఫోన్ చేసిన చుట్టాల్లో సగం మంది క్షేమసమాచారాలు అవగానే అడుగుతున్నది ఇదే. "అన్నయ్యా, కంప్యూటర్ ఆన్ చేయగానే పదికి సపోర్ట్ అయిపోయిందని ఏదో వస్తోంది, పదకొండు ఎక్కించమంటావా?" అని. నేను రెండూ రోజూ చూస్తూనే ఉంటాను కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. నా లాప్‌టాప్ 2018లో కొన్నది, ఎనిమిదో జనరేషన్ ఐ5, అది పదకొండులో ఉంది. మా బావ జిరాక్స్ షాపులో డెస్క్‌టాప్ ఆరో జనరేషన్ ఐ3, అది పదిలోనే ఉంది. రెండింటి మంచీచెడ్డా నాదే.

చూడ్డానికి ఎలా ఉంటుందన్నది త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే అక్కడ తేల్చుకోవాల్సింది పెద్దగా లేదు. పదకొండులో స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది, సెట్టింగ్స్‌లో మార్చుకుంటే మళ్లీ ఎడమకి పోతుంది. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు లోపల దాక్కుంటాయి, షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొడితే పాత మెనూ నేరుగా వస్తుంది. తెలుగు టైపింగ్‌కి ఫోనెటిక్ కీబోర్డు 2019 నుంచి పదిలోనూ ఉంది, పదకొండులోనూ అదే. వేగం సంగతికి వస్తే, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్‌లో నాకు తేడా కనబడలేదు. మైక్రోసాఫ్ట్ 4 జీబీ చాలంటుంది గానీ అంతే ఉంటే పదకొండు జోలికి వెళ్లకండి. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉందంటే ముందు దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఏ విండోస్ అన్నది తర్వాత చూద్దాం.

నా వరకు దీన్ని తేల్చేది ఒక్కటే, సెక్యూరిటీ అప్‌డేట్లు. 2015 జులైలో వచ్చిన పదికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. "ముగిస్తే ఏమైంది, నాది బాగానే నడుస్తోందిగా" అంటారు చాలామంది. నిజమే, నడుస్తుంది, ఆ రోజుతో ఏదీ ఆగిపోదు, అందుకే ఇది ప్రమాదం అనిపించదు. కానీ పది, పదకొండు రెండూ లోపల చాలావరకు ఒకే కోడ్ మీద నిలబడ్డాయి. ప్రతి నెలా రెండో మంగళవారం పదకొండుకి ప్యాచ్ (సెక్యూరిటీ లోపాల్ని పూడ్చే అప్‌డేట్) విడుదలవుతుంది, అది వచ్చాక దాడి చేసేవాళ్లు పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది, అదే కన్నం అప్‌డేట్లు రాని పదిలో ఇంకా తెరిచే ఉంటుంది. అంటే రోజులు గడిచేకొద్దీ మనకే ముప్పు పెరుగుతుంది.

2017 మే నెల గుర్తుందా? వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లని తాళం వేసి డబ్బులు అడిగింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కన్నం పూడ్చే ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. యాంటీవైరస్ ఉందిగా అంటే, విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌కి పదిలో 2028 దాకా కొత్త సమాచారం వస్తూనే ఉంటుంది, మంచిదే, కానీ పెరటి గోడకి కన్నం వదిలేసి వీధి గుమ్మం దగ్గర కాపలా పెడితే ఎంతవరకు ఆగుతుంది? మనం అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేస్తాం, ఆధార్ కాపీలు దాస్తాం, పిల్లల సర్టిఫికెట్లు పెడతాం. బావ షాపులో అయితే ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ ఉంటాయి.

కాబట్టి మీ మెషిన్‌కి అర్హత ఉంటే పదకొండుకి వెళ్లండి. పదికి అసలైన లైసెన్స్ ఉంటే అప్‌గ్రేడ్ ఉచితం. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీ అయితే దాదాపు రైజెన్ 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి, వాటితో పాటు టీపీఎం 2.0 (రహస్య కీలని భద్రంగా దాచే సెక్యూరిటీ ఏర్పాటు) కావాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నారు. అర్హత ఉందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ యాప్ 'పనికిరాదు' అనగానే కొత్తది కొనడానికి బయల్దేరుతున్నారు. మంచి ప్రాసెసరే ఉండి టీపీఎం బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉండొచ్చు, ఇంటెల్‌లో పీటీటీ అనీ ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. అసెంబుల్ చేయించినవాటిలో ఇంకో చిక్కు, విండోస్‌ని లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఎక్కించి ఉంటారు, దాన్ని యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతికి మార్చుకోవాలి. డేటా పోకుండా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది. అయినా సరే ముందు బ్యాకప్ తీయండి.

అర్హత లేని మెషిన్‌లో కూడా అడ్డదారిలో పదకొండు ఎక్కించొచ్చు. మా బాబాయి లాప్‌టాప్‌కి ఒక షాపులో అలాగే చేసి డబ్బులు తీసుకున్నారు, అర్హత లేదన్న మాట మాత్రం చెప్పలేదు. అలాంటి మెషిన్లకి ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతటదే రాదు, ఉన్న వెర్షన్‌కి గడువు రెండేళ్లు, అది దాటితే నెలవారీ ప్యాచ్‌లూ ఆగిపోతాయి, అంటే దేని కోసం మారామో అదే పోయినట్టు. ఆయనకి ఆ సంగతి ఏడాదిన్నర తర్వాత నేను చూస్తే గానీ తెలియలేదు. అందుకే ఆ దారి వద్దంటాను.

అర్హత లేకపోతే పదిలోనే ఉండండి, కానీ ఈఎస్‌యూలో, అంటే పదికి సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించే మైక్రోసాఫ్ట్ పథకంలో, చేరి ఉండండి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్' అని కనబడుతుంది, కనబడకపోతే ముందు పదిలో చివరిదైన 22హెచ్2 వెర్షన్‌కి రండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఉచితం, లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, కొత్త ఫీచర్లు రావు. బావ డెస్క్‌టాప్‌కి నేను చేసింది ఇదే. ఆయన పాత స్కానర్‌కి 32 బిట్ డ్రైవరే ఉంది, పదకొండులో 32 బిట్ అనేదే లేదు, కాబట్టి ప్రాసెసర్ సరిపోయినా ఆయనకి ఆ స్కానర్ అడ్డం వచ్చేది.

విండోస్‌కి బదులు ఉచితంగా వాడుకునే లినక్స్ మింట్ సంగతీ అడుగుతున్నారు. బ్రౌజర్, యూట్యూబ్ వరకే వాడే పాత లాప్‌టాప్‌కి బావుంటుంది. డీటీపీ, ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్లు ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

పదకొండుకి వెళ్లేవాళ్లకి ఒక్క జాగ్రత్త. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా మెషిన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేయడం) దానంతటదే ఆన్ అవుతుంది, ఆ తాళం తీసే రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చేరుతుంది. ఆ అకౌంట్ షాపువాళ్లు తెరిచిచ్చింది, పాస్‌వర్డ్ మీకు తెలియనిది అయితే, రేపు మదర్‌బోర్డు మార్చినప్పుడు కీ అడిగితే డేటా మొత్తం పోతుంది. అకౌంట్ మీ పేరుతో, మీ ఫోన్ నంబర్‌తో తెరవండి, కీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోంచి వెనక్కి రావచ్చు, కాబట్టి మొదటి వారంలోనే మీ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషిన్, టోకెన్ అన్నీ ఒకసారి వాడి చూసుకోండి.

బావకి మాత్రం ఈఎస్‌యూ ముగిసే 2026 అక్టోబర్ లోపు ఎనిమిదో జనరేషన్ సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి, 64 బిట్ డ్రైవర్ ఉన్న స్కానర్ ఒకటి వెతుకుతున్నాను.