కాలనీ ఆరోగ్యం తెలుసుకోవడానికి ఏది మేలు: ఇంటింటి సర్వేనా, కూర్చుని మాట్లాడడమా, క్లినిక్ రిజిస్టరా?

బెంగళూరులో ఏదో ఒక కాలనీవారి ఆరోగ్యం ఎలా ఉందో, వారి అలవాట్లలో ఏవి వారిని దెబ్బతీస్తున్నాయో తెలుసుకోవాలని ఒక స్వచ్ఛంద సంస్థో, నర్సింగ్ కళాశాలో సంకల్పించినప్పుడు మొట్టమొదట జరిగే పని ప్రశ్నావళిని అచ్చు వేయించడం. ఎవరిని అడగాలి, ఏ వేళకు వెళ్ళాలి, ఏ మాటతో అడగాలి అన్న ఆలోచన ఆ తరువాత గానీ రాదు. కొన్నిసార్లు అసలే రాదు. అటువంటి ఫారాలు చంకన పెట్టుకొని నేనూ తిరిగాను కాబట్టి ఈ తప్పులో నా వాటా కూడా ఉంది. చేతిలో మూడు వారాల సమయం, నలుగురు మనుషులు, కొద్దిపాటి డబ్బు ఉన్నవారు ఏ దారిన వెళితే ఉపయోగకరమైన సమాచారం చేతికి వస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. దారులు ముఖ్యంగా మూడు: ఇప్పటికే ఉన్న లెక్కలనూ క్లినిక్ రిజిస్టర్లనూ చూడడం, ఇంటింటికీ తిరిగి సర్వే చేయడం, జనాన్ని గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడడం.

2011 జనగణన ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 14 శాతం. వీరందరినీ ఒకే గాటన కట్టడానికి వీలులేదు. అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేరు, తాతల కాలంలోనే వచ్చి నగరాన్ని ఊడుస్తూ ఇక్కడే స్థిరపడిన పౌరకార్మికుల కుటుంబాలు వేరు, పాలమూరు, కర్నూలు, అనంతపురం వైపు నుంచి కట్టడం పనులకు వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నవారు వేరు. చివరి రెండు రకాలవారూ పక్కపక్కనే ఉండే 300 ఇళ్ళ కాలనీని మనసులో పెట్టుకొని ఈ పోలిక చేస్తున్నాను.

రిజిస్టర్ల సంగతి త్వరగా తేల్చవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో దేశమంతటా సుమారు 6.37 లక్షల ఇళ్ళను చుట్టివచ్చింది. అయినా అది జిల్లా స్థాయి వరకే అంకెలు ఇస్తుంది గానీ ఒక కాలనీ గురించి ఏమీ చెప్పదు. 2011 జనాభా లెక్కల నాటికి మన రేకుల షెడ్లున్న చోట బహుశా ఖాళీ స్థలమే ఉండి ఉంటుంది. నమ్మ క్లినిక్ అనే ప్రభుత్వ చిన్న ఆసుపత్రి లేదా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని రిజిస్టరు ఇంతకంటే దగ్గరి సమాచారం ఇస్తుంది: ఏ నెలలో జ్వరాలు పెరిగాయి, ఎప్పుడు విరేచనాలు ఎక్కువయ్యాయి అన్నది ఒక్క పూటలో, పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. అయితే రిజిస్టరులో ఉండేది వచ్చినవారి చరిత్ర మాత్రమే. పగలంతా సెంట్రింగు పనిలో ఉండి, చీకటిపడ్డాక మెడికల్ షాపులో రెండు మాత్రలు కొనుక్కొని మింగే మేస్త్రి అందులో కనబడడు. గర్భిణులకు ఇచ్చే తాయి కార్డు ఇక్కడ తీసుకొని, ఏడో నెలలో కాన్పుకు కదిరికో, మహబూబ్‌నగర్‌కో పుట్టింటికి వెళ్ళిన అమ్మాయి ఇక్కడి రిజిస్టరులో మధ్యలో మానేసినట్టు కనిపిస్తుంది; బిడ్డకు అక్కడ టీకాలన్నీ పడి ఉన్నా సరే. అందువల్ల రిజిస్టరును నేపథ్యం తెలుసుకోవడానికి చూడాలే తప్ప దాని మీద తీర్పులు కట్టకూడదు.

అసలైన పోటీ మిగిలిన రెండింటి మధ్యనే ఉంది. ఇంటింటి సర్వేకు ఉన్న గొప్ప బలం, అది ఎంతమంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలగడం. పెద్ద జనాభాలో అయిదు శాతం అటూ ఇటూగా ఒక అంకె కావాలంటే సాధారణంగా 384 మందిని అడగాలని గణాంకశాస్త్రం చెబుతుంది. మొత్తం ఉన్నవే 300 ఇళ్ళయితే అదే లెక్కకు 169 ఇళ్ళు సరిపోతాయి. ఒక్కొక్కరు రోజుకు ఎనిమిది ఇళ్ళు చేయగలరనుకుంటే నలుగురు కలిసి ఆరు రోజుల్లో ముగించవచ్చు. పది శాతం తేడా వచ్చినా ఫరవాలేదనుకునే సందర్భాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాల కార్యక్రమం ఏనాడో 30 సముదాయాలు, ఒక్కో సముదాయంలో ఏడుగురు పిల్లలు అనే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. అంటే లెక్క తీయడం మనం భయపడేంత భారమైన పని కాదు. కార్పొరేషన్ ఆఫీసులో మరుగుదొడ్డి కోసమో, నీటి కనెక్షన్ కోసమో అర్జీ పెట్టేటప్పుడు అక్కడి అధికారి మొదట అడిగేది కూడా ఎన్ని ఇళ్ళు అనే.

బలహీనత అంతా ప్రశ్నలోనూ, వేళలోనూ ఉంటుంది. సర్వే చేసేవారు ఉదయం పదింటికి వెళ్ళి నాలుగింటికి తిరిగివస్తారు. పౌరకార్మికురాలు తెల్లవారకముందే చీపురు పట్టుకొని బయలుదేరి ఉంటుంది, కట్టడం కూలీ సైటు మీద ఉంటాడు. ఆ వేళకు ఇంట్లో దొరికేది ముసలివారూ చిన్నపిల్లలే. అలా తయారైన నివేదికలో మోకాళ్ళ నొప్పులు మొదటి స్థానంలో ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు. సాయంత్రం ఏడు దాటాక గానీ, బటవాడ అయిన మరునాడు ఆదివారం పొద్దున గానీ వెళ్ళినవారికే పనిచేసే వయసువారు దొరుకుతారు.

ప్రశ్నల సంగతి ఇంకా కష్టం. మేము ఒకసారి పట్టుకువెళ్ళిన ఫారంలో "మీరు పొగరహిత పొగాకు ఉత్పత్తులను సేవిస్తారా?" అని ఉంది. ఇంగ్లీషు నుంచి కన్నడంలోకీ, కన్నడం నుంచి తెలుగులోకీ వచ్చేసరికి ఆ వాక్యం ఎవరి భాషా కాకుండా పోయింది. గడపలో కూర్చున్న పెద్దామె "అట్లాంటివి మాకు లేవు నాయనా" అని ఫారంలో 'లేదు' అని రాయించింది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె దవడలో ఆకువక్క ఉంది, అందులో కడ్డిపుడి, అంటే నమిలే పొగాకు, కూడా ఉంది. మాట ముగిశాక పక్కకు తిరిగి ఎర్రగా ఉమ్మింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో పొగాకు అంటే మగవాళ్ళు కాల్చే బీడీ. దేశంలో వయోజనుల పొగాకు వాడకంపై 2016–17లో జరిగిన సర్వేలో నమిలేవారు 21.4 శాతం, కాల్చేవారు 10.7 శాతం అని తేలింది. పొగాకు అన్న మాట వినగానే బీడీ మాత్రమే గుర్తుకువచ్చేట్టు ప్రశ్న అడిగితే, రెట్టింపుగా ఉన్న అలవాటు ఒక్క గీతతో మాయమవుతుందన్నమాట.

మద్యం గురించిన ప్రశ్న కూడా ఇలాగే దారి తప్పుతుంది. "రోజుకు ఎన్ని డ్రింకులు?" అన్నప్పుడు వచ్చే "ఒక్కటే" అనే జవాబు నైంటీ, అంటే 90 మిల్లీలీటర్లు, కావచ్చు, క్వార్టరు కావచ్చు. 42.8 శాతం ఆల్కహాలు ఉండే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. పది గ్రాములను ఒక డ్రింకుగా లెక్కించే ఫారంలో అది ఆరు. ఒకటి, ఆరు అన్న తేడా లెక్కలో చిన్న పొరపాటు కాదు. ఉప్పు విషయమూ అంతే. "ఉప్పు ఎక్కువ తింటారా?" అని అడిగితే అందరూ "మామూలుగానే" అంటారు. కిలో ప్యాకెట్టు ఎన్నాళ్ళకు అయిపోతుందని అడిగినప్పుడు మాత్రం ఇల్లాలు తడుముకోకుండా చెబుతుంది. నలుగురున్న ఇంట్లో అది నెల రోజులు వస్తే మనిషికి రోజుకు ఎనిమిది గ్రాముల పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు అయిదు గ్రాముల లోపు. ఊరగాయలో ఉన్నది ఇందులో కలవలేదు.

ఇటువంటి సరైన ప్రశ్నలు ఎవరి బుర్రలోంచీ ఊడిపడవు. అవి జనంతో కూర్చుని మాట్లాడినప్పుడే దొరుకుతాయి. మూడో దారి విలువ అక్కడ ఉంది. గ్రామీణాభివృద్ధి రంగంలో ప్రజల చేత పటాలు గీయించి, వారితోనే విశ్లేషణ చేయించే పద్ధతిని మన దేశంలో తొలిరోజుల్లోనే చేపట్టినవాటిలో బెంగళూరు కేంద్రంగా పనిచేసే మైరాడ సంస్థ ఒకటి. దాన్ని నగరపు కాలనీకి తెచ్చుకోవడానికి కావలసిన సామగ్రి గిద్దెడు ముగ్గుపిండి, దోసెడు చింతగింజలు. వేపచెట్టు నీడనో, గుడి అరుగు దగ్గరో పది మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి, కాలనీని నేల మీద ముగ్గులా వేయమంటే మొదట నవ్వుతారు. పది నిమిషాల తరువాత బోరు ఎక్కడుంది, ట్యాంకరు ఎక్కడ ఆగుతుంది, అయిదు రూపాయల క్యాను నీళ్ళ యంత్రం ఎక్కడుంది, ఏ మూలకు చీకటిపడ్డాక ఎవరూ వెళ్ళరు అన్నవన్నీ నేల మీదికి వచ్చేస్తాయి. తరువాత ఒక్కో బాధకూ ఒక్కో గడి గీసి, ఎక్కువ బాధించేదానికి ఎక్కువ గింజలు పెట్టమనాలి.

అలా ఒక ఆదివారం గింజలు పెట్టిస్తున్నప్పుడు జ్వరాల కంటే, ఒళ్ళు నొప్పుల కంటే ఎక్కువగా మూత్రంలో మంట అన్న గడి నిండిపోయింది. ముందే చేసి ఉంచుకున్న సర్వేలో "రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారు?" అన్న ప్రశ్న ఉంది, "ఆరు" అన్న జవాబూ ఉంది. నీళ్ళు బాగానే తాగుతున్నారు కదా అని ఒకరు అనగా, ఊడ్చే పనిచేసే ఒక యువతి తల ఎత్తకుండానే "అవన్నీ ఇంటికొచ్చినాంక తాగేటివి. పని కాడ తాగితే యాడికి పోవల్లక్కా?" అంది. తెల్లవారకముందు మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా పనిచేయడం ఆ వీధిలో సగం మంది ఆడవాళ్ళకు అలవాటని అప్పుడు తెలిసింది. ఆ అలవాటుకు కారణం అజ్ఞానం కాదు, పనిచేసే రోడ్డు మీద మరుగుదొడ్డి లేకపోవడం. నీళ్ళు ఎక్కువ తాగండి అని మేము సిద్ధం చేసుకున్న పోస్టరును ఆ రోజు బయటికి తీయలేదు.

అయితే మాట్లాడడాన్ని ఆకాశానికి ఎత్తడం కూడా సరికాదు. గుంపులో మేస్త్రి భార్య ఉంటే మిగిలినవారి గింజలు ఆమె గింజల వెంటే వెళతాయి. అత్తా కోడళ్ళు పక్కపక్కన కూర్చున్నచోట కోడలు నోరు విప్పదు. తెల్లబట్ట, గర్భస్రావం, భర్త తాగుడు, టీబీ వంటివి పదిమందిలో అడిగే ప్రశ్నలే కావు. అడిగితే ఆ తరువాత ఆ మనిషి ఆ వీధిలో తిరగవలసి ఉంటుందన్న సంగతి అడిగినవారు మరచిపోతారు. అన్నిటికంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. బీపీ, షుగర్ మొదట్లో ఏ బాధా పెట్టవు; బాధ లేనిదానికి ఎవరూ గింజ పెట్టరు. మేము చూసిన ముగ్గులో బీపీ గడి దాదాపు ఖాళీగా ఉండింది. ఆ ఖాళీని నమ్మితే మోసపోతాం. అక్కడ మాటకు చోటు లేదు. మనిషిని అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి, యంత్రంతో రెండుసార్లు కొలవడమే దారి. కొలిచిన తరువాత 140/90 దాటినవారిని ఎక్కడికి పంపాలో ముందే మాట్లాడుకొని ఉండాలి. "రాసుకొని పోతారు, మళ్ళీ రారు" అన్న నింద కాలనీల్లో ఊరికే పుట్టలేదు.

కాబట్టి ఏది మేలు అన్నదానికి నా జవాబు ఏమి తెలుసుకోవాలన్నదాన్ని బట్టి మారుతుంది. అలవాట్లు, వాటి వెనుక కారణాలు తెలియాలంటే కూర్చుని మాట్లాడడమే మేలు. బాధ తెలియని జబ్బులు ఎంతమందిలో ఉన్నాయో తెలియాలన్నా, ప్రభుత్వం ముందు అంకె పెట్టాలన్నా సర్వే తప్పదు. రెండింటికీ సమయం ఉన్నప్పుడు వరుస మాత్రం మార్చకూడదని గట్టిగా చెబుతాను: ముందు మాట, తరువాత లెక్క. మొదటి వారంలో ఆడవాళ్ళతో రెండు, మగవాళ్ళతో ఒకటి, పౌరకార్మికులతో విడిగా ఒకటి చొప్పున నాలుగు బైఠకులు పెట్టుకొని, అక్కడ విన్న మాటలతోనే ఒక్క పేజీ ఫారం తయారుచేసి, మిగిలిన రెండు వారాలు ఇళ్ళకు వెళ్ళడం నలుగురి బృందానికి సాధ్యమైన పనే. ఒక్కటే చేయగలిగినవారు, చేతిలో బీపీ యంత్రమూ పంపడానికి క్లినిక్కూ లేని పక్షంలో, సర్వే జోలికి పోకుండా మాట్లాడడమే ఎంచుకోవాలి.

దీనికి కొత్త యంత్రాంగమేదీ అక్కరలేదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద 200 నుంచి 500 ఇళ్ళకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలని నియమం ఉంది. ముప్పై దాటినవారి వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, కుటుంబంలో ఉన్న జబ్బులను అడిగి మార్కులు వేసే ఫారం ఆశా చేతిలో ఉంటుంది. నాలుగు మార్కులు దాటినవారిని ముందుగా పరీక్షకు పంపాలి. సమితి అంటే కూర్చుని మాట్లాడే చోటు, ఫారం అంటే లెక్క. రెండూ ఒకే వీధిలో ఉన్నా చాలాచోట్ల ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. పైగా ఆశాకు తెలుగు రాకపోతే సమితిలో ఒకరిని తోడు తీసుకువెళ్ళాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, కడ్డిపుడిని కడ్డిపుడి అని అడగడానికి అదే అసలు ఉపాయం. మేము రెండోసారి వెళ్ళినప్పుడు ఫారంలో పొగాకు అన్న మాట తీసేసి ఆకువక్క, కడ్డిపుడి, ఖైనీ, బీడీ అని విడివిడిగా గడులు పెట్టాం; మద్యం దగ్గర నైంటీ, క్వార్టరు అని రాశాం; నీళ్ళ ప్రశ్నను పని దగ్గర, ఇంటి దగ్గర అని రెండుగా చీల్చాం. ఆ పెద్దామె ఈసారి ప్రశ్న ముగియకముందే నవ్వి, రొండిన దోపుకున్న తిత్తి తీసి చూపించింది.