పాత లేత్‌కి వీఎఫ్‌డీ, డీఆర్‌ఓ, ఎలక్ట్రానిక్ లీడ్‌స్క్రూ: ఐదేళ్లు వాడాక

కుషాయిగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగున్నర అడుగుల లేత్ ఒకటి ఉంది. 2019లో సెకండ్ హ్యాండ్‌లో 45 వేలకు కొన్నాను. బెల్టు మీద మూడు స్పీడులు, బ్యాక్ గేరు (స్పీడు తగ్గించి బలం పెంచేది) వేస్తే ఇంకో మూడు. లీడ్‌స్క్రూ (త్రెడ్లు కోసేటప్పుడు బిట్టుని నడిపే పొడవాటి స్క్రూ) అంగుళానికి నాలుగు చుట్లది. మోటారు 1 హెచ్‌పీ త్రీ ఫేజ్, మా ఇంటికి ఉన్నదేమో సింగిల్ ఫేజ్. అక్కడ మొదలైంది కథ. 2020 నుంచి ఒక్కొక్కటిగా మూడు బిగించాను: మోటారుకి వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్ చేసి, హెర్ట్జ్ మార్చి స్పీడు మార్చే డ్రైవ్), స్లైడ్లకి డిజిటల్ రీడౌట్ (డీఆర్‌ఓ, స్లైడ్ ఎంత కదిలిందో అంకెల్లో చూపించేది), లీడ్‌స్క్రూకి స్టెప్పర్ మోటారు (ఒక్కో స్టెప్పుగా తిరిగేది). బిగించిన వారంలో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు ఎండాకాలాలు, నాలుగు వానాకాలాలు గడిస్తేగానీ అసలు సంగతి తెలియదు. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

వీఎఫ్‌డీ దగ్గర చాలామంది చేసే పొరపాటు ముందే చెప్తాను. 415 వోల్టుల చిన్న మోటారు లోపల స్టార్‌లో (మూడు వైండింగ్‌ల చివరలు ఒకే ముడిలో) కలిపి ఉంటుంది, అంటే ఒక్కో వైండింగ్ మీద పడేది దాదాపు 240 వోల్టులే. సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీ బయటికి ఇచ్చే త్రీ ఫేజ్ 230 వోల్టులు. కాబట్టి మోటారుని డెల్టాలోకి (ఒక వైండింగ్ చివర ఇంకోదాని మొదలుకి కలిపే పద్ధతి) మార్చాలి. టెర్మినల్ పెట్టెలో ఆరు వైర్లు ఉంటే వాటిని కలిపే పత్తీలు మార్చుకుంటే సరిపోతుంది. నా మోటారులో మూడే వైర్లు బయటికి వచ్చాయి, స్టార్ పాయింట్ లోపలే కట్టేశారు. వైండింగ్ షాపుకి తీసుకెళ్తే ఆయన మూత విప్పి, ఆ ముడి ఊడదీసి, ఆరు వైర్లూ బయటికి తెచ్చి 600 తీసుకున్నాడు. డెల్టా చెయ్యకుండా నడిపితే మోటారు తిరుగుతుంది కానీ బలం ఉండదు. అప్పుడు వీఎఫ్‌డీ బాగోలేదని తిట్టుకుంటాం.

0.75 కిలోవాట్ డ్రైవ్‌కి నాకు 7,500 అయింది. దానితో వచ్చిన సుఖం మాటల్లో చెప్పడం కష్టం. ఫేసింగ్ (ముక్క ముఖాన్ని చదును చెయ్యడం) చేస్తున్నప్పుడు బిట్టు (కోసే పనిముట్టు) అంచు నుంచి మధ్యకు వెళ్తున్న కొద్దీ నాబ్ తిప్పి స్పీడు పెంచుకోవచ్చు. బిట్టు కీచుమంటే పది శాతం తగ్గిస్తే చాలు, మెషిన్ నిమ్మళిస్తుంది. కానీ బెల్టు మార్చే పని పూర్తిగా పోయిందని అనుకోవద్దు. 50 హెర్ట్జ్ దగ్గర 1440 తిరిగే మోటారుని 15 హెర్ట్జ్‌కి దింపితే గుర్రపు బలం కూడా ఆ మేరకే తగ్గిపోతుంది. నేను బెల్టుని ఎక్కువ స్పీడు మీదే ఉంచి, నాబ్‌తో తగ్గించి పార్టింగ్ (ముక్కని కోసి వేరు చెయ్యడం) చెయ్యబోతే బిట్టు దిగగానే చక్కు (ముక్కని పట్టుకుని తిరిగే భాగం) నిలిచిపోయింది. పైగా మోటారు ఫ్యాను కూడా షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా నడిపితే గాలి తగలక వేడెక్కుతుంది. బరువైన కోతకి ఇప్పటికీ బ్యాక్ గేరే వేస్తాను. నాబ్‌ని 25 నుంచి 60 హెర్ట్జ్ మధ్యలోనే తిప్పుతాను.

రెండు సంఘటనలు దాచకుండా చెప్పాలి, ఎందుకంటే రెండింట్లోనూ చెయ్యి పోయేది.

మొదటిది కరెంటు కోత. మొదట్లో నేను ఆన్, ఆఫ్‌కి మామూలు తిప్పుడు స్విచ్చి పెట్టాను. ఒకరోజు జాబు (కోసే ముక్క) నడుస్తుండగా కరెంటు పోయింది. స్విచ్చి ఆఫ్ చెయ్యాలన్న ధ్యాస లేదు. చక్ కీ పెట్టి జాబు విప్పుకుని, కీ తీసి బల్ల మీద పెట్టాను. మరుక్షణం కరెంటు వచ్చింది, డ్రైవ్ డిస్‌ప్లే వెలిగింది, చక్కు దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. కీ ఇంకా చక్కులోనే ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఆ సాయంత్రమే స్విచ్చి పీకేసి, పచ్చ పుష్ బటన్, ఎర్ర పుష్ బటన్ పెట్టి త్రీ వైర్ పద్ధతికి మార్చాను. ఇప్పుడు కరెంటు వచ్చినా పచ్చ బటన్ మళ్లీ నొక్కితే తప్ప కదలదు. దాదాపు ప్రతి డ్రైవ్‌లోనూ ఈ సెట్టింగ్ ఉంటుంది. మాన్యువల్‌లో ముందు ఆ పేజీ చదవండి, స్పీడు పేజీ తర్వాత చూడొచ్చు.

రెండోది చక్కు ఊడటం. మా లేత్‌లో చక్కు, స్పిండిల్ (దాన్ని తిప్పే షాఫ్టు) ముక్కు మీద త్రెడ్‌తో బిగుస్తుంది, పాత లేత్‌లు చాలావరకు అంతే. ఆపగానే టక్కున ఆగాలని నేను ఆగే సమయం 1 సెకనుకి పెట్టాను. ఎర్ర బటన్ నొక్కాను. స్పిండిల్ ఆగింది, పది కిలోల దాకా ఉండే చక్కు తన వేగంతో తిరుగుతూనే మర విప్పుకుంది. ఒకటిన్నర చుట్టు వదులై ఆగింది కాబట్టి సరిపోయింది, ఇంకాస్త తిరిగితే బెడ్ మీద పడేది. ఇప్పుడు ఆగే సమయం 5 సెకన్లు, మొదలయ్యే సమయం 4 సెకన్లు. రివర్స్‌లో కోత కొయ్యను, ఖాళీగా వెనక్కి రావడానికే వాడతాను. ఎల్ నంబరు స్పిండిల్ ఉన్నవాళ్లకీ, క్యామ్ లాక్ ఉన్నవాళ్లకీ (చక్కు ఇలా ఊడకుండా పట్టే రకాలు) ఈ గొడవ లేదు.

ఆ తర్వాత రీడౌట్. రెండు గ్లాస్ స్కేళ్లు, 5 మైక్రాన్లవి, ఒక డిస్‌ప్లే కలిపి 17 వేలు. మూడింట్లోకీ ఖరీదైనది ఇదే, నా పనిని ఎక్కువగా మార్చింది కూడా ఇదే. మా క్రాస్ స్లైడ్ (బిట్టుని జాబు వైపు అడ్డంగా కదిపేది) స్క్రూలో 0.4 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు ఉంది. అంతకుముందు హ్యాండిల్ కొంచెం ఎక్కువ తిప్పేస్తే అర చుట్టు వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకెళ్లి, డయల్ మీద ఎక్కడున్నానో లెక్కపెట్టుకోవాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క తప్పేది. ఇప్పుడు స్కేలు నేరుగా స్లైడ్ కదలికనే చదువుతుంది కాబట్టి స్క్రూలో ఆట ఎంతున్నా కొలతకి అడ్డు రాదు.

అయితే బిగించిన మొదటి రోజే నిరాశ. లేత్ ఆఫ్‌లో ఉన్నప్పుడు 24.315 అని నిలకడగా చూపించిన అంకె, మోటారు ఆన్ చెయ్యగానే 24.330, 24.300, 24.345 అంటూ గంతులు వేసింది. హ్యాండిల్ మీద నా చెయ్యి కూడా లేదు. డిస్‌ప్లే పాడైందనుకుని అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను, మార్చిచ్చారు. కొత్తదీ అంతే. అప్పుడు తెలిసింది, తప్పు డిస్‌ప్లేది కాదు, మా ఇంటి ఎర్త్‌ది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే గుడ్డిగా వెలిగింది. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు పాతిన ఎర్త్ ఎండిపోయి పేరుకే ఉంది, డ్రైవ్ పుట్టించే విద్యుత్ రొద దిగే దారి లేక స్కేలు వైర్లలోకి పోతోంది. షెడ్డు పక్కన కొత్త గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు వేసి పైపు దింపాం. కోఠి గుజరాతీ గల్లీలో షీల్డ్ ఉన్న కేబుల్ తెచ్చి డ్రైవ్ నుంచి మోటారు దాకా మార్చాను, దాని షీల్డ్‌ని ఎర్త్‌కి బిగించాను. స్కేలు వైర్లని మోటారు వైర్లకి అడుగు దూరంగా వేరే దారిలో తిప్పాను. లేత్ బాడీ, డ్రైవ్, డిస్‌ప్లే మూడింటి ఎర్త్‌లూ ఒకే బోల్టు దగ్గర కలిపాను. అంకె రాయిలా నిలబడింది. ఈ పనికి నాలుగు వేలు ఖర్చయింది. మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా గిట్టుబాటైన నాలుగు వేలు అవే.

మా వీధిలో రిటైరైన టర్నర్ ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. నలభై ఏళ్లు లేత్ మీద నిలబడ్డ మనిషి. 6204 బేరింగ్ కూర్చునే గది ఒకటి చెయ్యాల్సి వచ్చింది, లోపల 47 మిల్లీమీటర్లు రావాలి. నేను డిస్‌ప్లేలో 47.000 చూసి ఆపేశాను. బేరింగ్ పెడితే దిగలేదు. బాబాయ్ వచ్చి చూసి, "స్కేలు చెప్పేది స్కేలు సంగతిరా, జాబు సంగతి కాదు. అదే నంబరు మీద ఇంకోసారి పోనీ" అన్నారు. హ్యాండిల్ ముట్టుకోకుండా అదే కొలత మీద మళ్లీ ఫీడ్ ఇస్తే సన్నటి రజను రాలింది. బోరింగ్ బార్ (రంధ్రం లోపల కోసే బిట్టు ఉండే కడ్డీ) సన్నగా ఉంటే కోతకి వెనక్కి వంగుతుంది, ఆ వంపు స్కేలుకి కనిపించదు. అప్పటి నుంచి చివరి రెండు కోతల ముందు ఆగి, కొలిచి, ఆ కొలతనే డిస్‌ప్లేలో కొట్టి ముందుకెళ్తున్నాను. బెడ్ అరిగిపోయిన చోట వచ్చే టేపర్‌ని కూడా రీడౌట్ సరిచెయ్యలేదు. జిబ్‌లు (స్లైడ్ల వదులు తీసే పట్టీలు) బిగించుకోకుండా స్కేళ్లు కొనడం దండగ.

ఇంకో మాట. వెర్నియర్ క్యాలిపర్‌లో ఉండే రకం చవక కెపాసిటివ్ స్కేళ్లని ముందు డ్రిల్లింగ్ మెషిన్ మీద పెట్టి చూశాను. పొడిగా ఉన్నంతకాలం మంచివే. కూలెంట్ చుక్క పడితే అంకెలు పిచ్చిగా తిరుగుతాయి. వాటికి లేత్ చోటు కాదు.

ఎలక్ట్రానిక్ లీడ్‌స్క్రూ విషయానికి వస్తే, ఇందులో గేర్ల బదులు ఒక చిన్న బోర్డు స్పిండిల్ తిరుగుడు చదివి, స్టెప్పర్‌తో లీడ్‌స్క్రూని తగినంత తిప్పుతుంది. ఇది అందరికీ అవసరం లేదు. నాకు మాత్రం లీడ్‌స్క్రూ అంగుళాలది కావడం వల్ల తప్పలేదు. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు, అంటే 127/5. 127ని ఇంక చిన్న గేర్లుగా విడగొట్టలేం. 6.35 మిల్లీమీటర్ల లీడ్‌స్క్రూ మీద 1.5 పిచ్ (పక్కపక్క మరల మధ్య 1.5 మిల్లీమీటర్ల దూరం) కొయ్యాలంటే స్పిండిల్ ఒక చుట్టు తిరిగినప్పుడు లీడ్‌స్క్రూ 30/127 చుట్టు తిరగాలి. సరిగ్గా రావాలంటే 127 పళ్ల గేరు ఉండాల్సిందే. మా మెషిన్‌తో వచ్చిన సెట్‌లో అది లేదు, చేయించినా అంత పెద్ద చక్రం కవర్ కింద పట్టదు. ఇప్పుడు మార్కెట్లో దొరికే బోల్టులు, నట్లు దాదాపు అన్నీ మెట్రిక్ అయినప్పుడు అంగుళాల త్రెడ్డే వచ్చే లేత్‌తో ఎంతకాలం లాగుతాం?

ఓపెన్ సోర్స్‌లో ఇలాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంచ్‌ప్యాడ్ బోర్డు మీద నడిచేది ఒకటి, ఈఎస్‌పీ32 మీద నడిచేది ఇంకొకటి. నేను రెండోది తీసుకున్నాను. స్పిండిల్‌కి బెల్టుతో ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో పల్స్‌లుగా చెప్పేది) బిగించాను, చుట్టుకి 600 పల్స్‌లది, నాలుగింతలు చేసి చదివితే 2400 లెక్కలు. లీడ్‌స్క్రూ చివర స్టెప్పర్, రెండింతల తగ్గింపు బెల్టుతో. లీడ్‌స్క్రూ ఒక చుట్టుకి 1600 స్టెప్పులు పడతాయి. 1.5 పిచ్‌కి లెక్క వేస్తే స్పిండిల్ చుట్టుకి 377 స్టెప్పుల మీద 121/127 భాగం వస్తుంది. ఆ మిగిలిన భాగాన్ని ప్రోగ్రాము పారెయ్యకుండా తర్వాతి చుట్టుకి మోసుకెళ్లాలి. పారేస్తే 40 చుట్ల త్రెడ్‌లో 0.15 మిల్లీమీటర్లు తప్పుతుంది, నట్టు సగం దాకా ఎక్కి పట్టేస్తుంది. కోడ్ తెరిచి ముందు ఆ ఒక్క చోటు చూసి, నమ్మకం కుదిరాకే బిగించాను.

మొదట పెట్టింది మామూలు స్టెప్పర్. మూడో కోతలో ఎక్కడో స్టెప్పు జారి, త్రెడ్ పక్కన ఇంకో గీత పడింది. రెండు గంటల పని పోయింది. తర్వాత వెనకాల ఎన్‌కోడర్ ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ వేశాను. వెనకబడితే తనే అందుకుంటుంది, మరీ అందకపోతే అలారం ఇస్తుంది. ఆ అలారం వైరుని డ్రైవ్ స్టాప్‌కి కలిపాను. డ్రైవ్ 4 సెకన్లలో నెమ్మదిగా ఊపందుకోవడం కూడా ఇక్కడ కలిసొచ్చింది, స్పిండిల్ ఒక్కసారిగా లేవదు కాబట్టి స్టెప్పర్ సుఖంగా వెంట వస్తుంది. ఎన్‌కోడర్ వైర్లలో కూడా డ్రైవ్ రొద దొంగ లెక్కలు కలిపింది. ఒక్కో సిగ్నల్ జంట వైర్ల మీద వచ్చే లైన్ డ్రైవర్ రకం ఎన్‌కోడర్‌కి మార్చాక పోయింది. కొత్తగా కొనేవాళ్లు మొదటే ఆ రకం తీసుకోండి. మారుస్తూ పోయినవి వదిలేస్తే ఇప్పుడు మెషిన్ మీద ఉన్న సామాను 14 వేలు.

త్రెడ్ కోసేటప్పుడు హాఫ్ నట్ (బిట్టు ఉన్న బండిని లీడ్‌స్క్రూకి పట్టించేది) మూసే ఉంచుతాను. చివరికి రాగానే బిట్టు బయటికి లాగి, రివర్స్‌లో వెనక్కి వచ్చి, మళ్లీ లోతు ఇచ్చి ముందుకు. ఎం20, 1.5 పిచ్ త్రెడ్ మీద మొదటిసారి నట్టు వేలితో తిప్పితే ఆగకుండా చివరిదాకా ఎక్కింది. ఆ నట్టుని అలా అరగంట ఎక్కిస్తూ దింపుతూ కూర్చున్నాను.

ఎండాకాలం సంగతి మర్చిపోయాను. డ్రైవ్‌లు మామూలుగా 40 డిగ్రీల దాకా పూర్తి లోడుకి రాసి ఉంటాయి. మేలో మా రేకుల కింద మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే. 2022లో రెండుసార్లు వేడికి ట్రిప్ అయింది. డ్రైవ్‌ని షెడ్డు బయట నీడగోడకి మార్చి, రేకు పెట్టెలో పెట్టి, గాలి రంధ్రాలకి సన్నటి జాలీ కొట్టాను. జాలీ రజనుకే కాదు, బల్లులకి కూడా. నాకు తెలిసిన ఒక వర్క్‌షాపులో డ్రైవ్ కాలిపోతే విప్పి చూశారు, లోపల టెర్మినల్స్ మధ్య బల్లి ఉంది. పెట్టె మూత తీసేముందు మెయిన్ ఆపి పది నిమిషాలు ఆగుతాను, కెపాసిటర్లలో ఛార్జ్ అప్పటికిగానీ దిగదు.

డ్రిల్లింగ్ మెషిన్‌కి కూడా వీఎఫ్‌డీ పెట్టొచ్చా అని తరచూ అడుగుతారు. కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకి పనికిరాదు. 4000 వాట్ల డిమ్మర్ అని చవగ్గా అమ్మే బోర్డు కూడా దానికి వద్దు, అది కార్బన్ బ్రష్‌ల మోటార్లకి. నేను అక్కడ ఒక అయస్కాంతం, హాల్ సెన్సర్, అంకెల మీటరు కలిపి ఆర్‌పీఎం చూపించేది మాత్రం పెట్టాను, అయిదారు వందల్లో అయిపోయింది.

చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ముందు ఎర్త్, తర్వాత వీఎఫ్‌డీ, ఇంకో ఏడాదికి రీడౌట్. త్రెడ్లు నెలకి నాలుగైనా కొయ్యనివాళ్లు ఎలక్ట్రానిక్ లీడ్‌స్క్రూ జోలికి వెళ్లొద్దు. పైన చెప్పినవి కాక ఐదేళ్లలో నేను మార్చినవి ఎర్ర బటన్ ఒకటి, ఎన్‌కోడర్ బెల్టు ఒకటి, ఒక స్కేలు రబ్బరు పెదవులు. పాత మార్పిడి గేర్లని నూనె పూసి బిస్కెట్ డబ్బాలో పెట్టాను. వాటి బ్రాకెట్ కూడా విప్పిన చోటే మేకుకి వేలాడుతోంది. బోర్డు ఏ రోజైనా మొరాయిస్తే స్టెప్పర్ బెల్టు తీసి, గంటలో గేర్ల మీదకి మళ్లొచ్చు.